చిన్నారావు ఎంచిన వాల్వు

"ఆ గిన్నె అక్కడే ఉండనీ. నాను ముట్టను," అంది బంగారమ్మ.

పొద్దున్న కూతురు పెట్టిన చల్దన్నం వసారాలో ఆవిడ ముందు అలాగే ఉంది. విజయనగరంలో రైలెక్కి, రాయ్‌పూర్‌లో దిగి, తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళి, కళ్ళకు కట్లతో పడుకున్న కొడుకుని చూసి, అక్కణ్ణించి కూతురి రైల్వే క్వార్టరుకొచ్చి చతికిలబడిన మనిషి మళ్ళీ లేవలేదు.

"నువ్వు తినడం మానీస్తే తమ్ముడి కళ్ళు బాగయిపోతాయేటమ్మా?" అంది అప్పలనరసమ్మ.

"కళ్ళు డాక్టరు సూసుకుంతాడు. పేరెవుడు సూసుకుంతాడు? ఆస్పత్రి గుమ్మంకాడ ఐసు ఫ్యాక్టరీ మనుషులు నన్ను సూపించుకుని ఏటనుకున్నారో తెలుసా? 'సోనేవాలే కీ మా' అంట. డూటీలో నిద్దరోయినోడి తల్లినంట నాను! ఉయ్యాల్లో ఏసి రాత్రల్లా జోలపాడినా నిద్దరోనోడు, ఆ మిషను హోరులో నిద్దరోయేడంట!"

"మెల్లిగా మాట్లాడమ్మా. పక్క క్వార్టరోళ్ళు వింతారు."

"ఇననీ! ఇనవలసినోడు లోపలున్నాడు. ఆడికే ఇనిపించడం లేదు."

ఇనవలసినవాడు లోపలి గదిలో ఖాకీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు. ఉన్నవి గుప్పెడు గుండీలు. వాటికి అంతసేపు పట్టనక్కర్లేదు. చిన్నారావు ఒక గుండీ పెట్టి గోడకేసి చూస్తున్నాడు, మరొకటి పెట్టి తలుపుకేసి చూస్తున్నాడు.

చివరికి బయటికి రాక తప్పలేదు.

"అల్లుడూ," అంది బంగారమ్మ, ఈసారి గొంతు తగ్గించి. ఆ తగ్గించడానికే చిన్నారావుకి ఎక్కువ భయం వేసింది. "ఆ సేఠుకి నువ్వంటే గురి. మిషను సామానుకి నువ్వే కావాల, మాటకి నువ్వే కావాల. నా కొడుకు అలాటోడు కాడని ఒక్క మాట సెప్పలేవా?"

"సెప్తానత్తా."

"ఎప్పుడు? ఆడిని నౌకరీలోంచి తీసీసినాకా?"

చిన్నారావు చెప్పులేసుకోవడానికి వంగాడు. జవాబు చెప్పనక్కర్లేని పని దొరికినందుకు ఆ చెప్పులకి దణ్ణం పెట్టుకోవచ్చు.

*

రైలింజన్ల లోకోషెడ్డులో చిన్నారావంటే మాటలు కాదు. సుత్తితో చక్రాన్ని తట్టి, ఆ చప్పుడు విని, పగులు ఎక్కడుందో చెప్పే ఫిట్టరు. మంచి లోహం మోగుతుంది, పగిలిన లోహం మూలుగుతుంది. ఆ విద్య అతనికి చేతిలో కాదు, చెవిలో ఉందని షెడ్డులో అనుకునేవారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది. అదే అతనికి చేటు చేసింది.

టాటీబంధ్ దారిలో గోవర్ధన్ సేఠ్ ఐసు ఫ్యాక్టరీ. అక్కడ పోసే ఐసు దిమ్మలు ఊకలో చుట్టి చిన్న రైలెక్కిస్తే అభన్‌పూర్ దాకా సోడా కొట్లన్నీ దాని మీదే బతుకుతాయి. ఆ ఫ్యాక్టరీలో చిన్నారావు బావమరిది నూకరాజు మిషను మనిషి. ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియదు. కరెంటు పోయినప్పుడల్లా, నీళ్ళని గడ్డకట్టించే అమోనియా పారే గొట్టాన్ని ఎవరో పరుగెత్తి మూయాలి. ఆ పరుగు తప్పించడానికి సేఠు కలకత్తా నుంచి కరెంటు వాల్వు తెప్పించాలనుకున్నాడు. సోలినాయిడ్ వాల్వని దాని పేరు. తీగచుట్టలో కరెంటు పారినంతసేపూ తెరుచుకుని ఉంటుంది. కరెంటు పోగానే లోపలి కడ్డీ పడి, తనంతట తాను మూసుకుంటుంది.

కలకత్తా వర్తకుడు చూడ్డానికి రెండు రకాలు పంపాడు. ఎంచడానికి సేఠు చిన్నారావుని పిలిచాడు.

చిన్నారావు అన్నీ అడిగాడు. గొట్టం వెడల్పెంత, ఒత్తిడి ఎంత, ఊళ్ళో కరెంటుకి ఏ చుట్ట సరిపోతుంది, కరెంటు పోతే మూసుకునే రకమేనా, తెరుచుకునే రకం పొరపాటున వచ్చిందా అని తిప్పి తిప్పి చూశాడు. అడగవలసినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ అడిగాడు. ఆ గొట్టంలో పారే అమోనియా ఏ లోహంతో పడుతుంది, ఏ లోహంతో పడదు అని అడగలేదు. షెడ్డులో పారేవి ఆవిరీ, నీళ్ళూ, నూనే. వాటికి రాగి కలిసిన గన్‌మెటల్‌ని మించింది లేదు. ఇంక అడగడానికేముంది?

బల్ల మీద రెండు వాల్వులు. ఒకటి నల్లటి ఇనుముది, మొరటుగా ఉంది. రెండోది గన్‌మెటల్‌ది, పండగనాడు చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా ఉంది. చిన్నారావు స్పానరు తీసి రెండింటినీ తట్టాడు. ఇనుముది టక్కుమంది. గన్‌మెటల్‌ది ఖంగుమంది.

"విన్నారా సేఠ్‌జీ? ఇదీ సామానంటే. చుట్టూ చెమ్మ. ఇనుముదయితే తుప్పు పట్టి పోతుంది."

అప్పుడు నూకరాజు మెల్లిగా అన్నాడు: "బావా, ఈ మిషను మొత్తమ్మీద ఎక్కడా ఇత్తడి ముక్క లేదు. గొట్టాలూ తిప్పే కాక్‌లూ అన్నీ ఇనుమే. ఎందుకంటావు?"

చిన్నారావు సేఠు వైపు చూసి నవ్వాడు. "ఎందుకంటే కట్టినోడు పిసినారి కాబట్టి. నువ్వు ఐసు కొయ్యి బావా, సామాను సంగతి నాకొదిలీ."

సేఠు పకపకా నవ్వాడు. నూకరాజు కూడా నవ్వాడు. బావ మాట మీద వాడికి అంత నమ్మకం.

ఆ నవ్వే ఇప్పుడు చిన్నారావుని నిద్రపోనివ్వడం లేదు.

*

ప్రమాదం జరిగిన మర్నాడు మిషను సరిచెయ్యడానికి సేఠు మళ్ళీ చిన్నారావునే పిలిచాడు. పగిలిన వాల్వుని ఊడదీసింది చిన్నారావే. చుట్టూ ఉన్న ఇనప గొట్టాలన్నీ కట్టినప్పుడెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తను ఎంచి పెట్టిన ఒక్క ముక్కనే అమోనియా కొరుక్కు తింది. లోపలంతా నీలంగా పాకుడు పట్టి, కడ్డీ బిగుసుకుపోయి ఉంది. కరెంటు పోయింది, కడ్డీ పడలేదు, వాల్వు మూసుకోలేదు. పాత అలవాటు కొద్దీ చేత్తో మూద్దామని పరుగెత్తుకొచ్చిన నూకరాజు మొహం మీదికే దాని మెడ చిట్లి అమోనియా చిమ్మింది. ఇంత సంగతీ చిన్నారావుకి అక్కడ నిలబడ్డ చోటే అర్థమయింది.

"చెప్పు చిన్నారావ్," అన్నాడు సేఠు వెనకనుంచి. "మనిషి గల్తీయా, సామాను గల్తీయా?"

"సామాను మంచిదే సేఠ్‌జీ."

అందులో అబద్ధమేమీ లేదు. సామాను మంచిదే, పెట్టిన చోటు దానిది కాదు. కానీ ఆ రెండో మాట చిన్నారావు నోట రాలేదు. మొదటి మాట దగ్గరే సేఠు తల ఊపి, తప్పు మనిషిదే, డ్యూటీలో నిద్రపోయుంటాడని తేల్చేసి వెళ్ళిపోయాడు. వాల్వుని చిన్నారావు గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి సామాన్ల పెట్టెలో అడుగున పెట్టాడు.

రైల్వే నౌకరీలో ఉండి బయట పని చేసినట్టు తెలిస్తే ముప్పు కదా అని తనకు తనే చెప్పుకున్నాడు. అదీ నిజమే. కానీ అతని నోరు నొక్కింది ఆ భయం కాదు. షెడ్డులో రేపణ్ణించి ఎవరూ తన చెవిని నమ్మరేమోనన్న భయం. అంత చిన్న సంగతి కోసం బావమరిది పేరుని నడివీధిలో పారేశానని అతనికి బాగా తెలుసు. తెలిసీ ఊరుకోవడమే అతన్ని తినేస్తోంది.

*

"ఏటయ్యా, ఒక్క మాట," అంది అప్పలనరసమ్మ.

పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని నూకరాజు చొక్కా ఉతుకుతోంది. ఆసుపత్రివాళ్ళు విప్పి ఇచ్చిన చొక్కా. చిన్నారావు అటు చూడకుండా సైకిలు బయటికి తీస్తున్నాడు.

"డూటీకి టైమయిపోయింది."

"ఇవాళ నీకు సెలవు కదేటి."

సైకిలు ఆగింది.

"ఈ మరక సూడు. సబ్బుకి పోలేదు, సౌడుకి పోలేదు. ఇంత నీలం ఎక్కడిది? అక్కడేటి, నీలిమందు కూడా అమ్ముతారా?"

"ఐసు ఫ్యాక్టరీ కదా. ఏవో మందులుంతాయి."

"ఊఁ."

మొగుడూ పెళ్ళాల మధ్య తిట్లు ఉంటే భయం లేదు. తిట్టవలసినచోట 'ఊఁ' వినపడితే భయపడాలి. చిన్నారావు సైకిలుని మళ్ళీ గోడకి చేర్చి నిలబడ్డాడు. ఆమె చొక్కాని ఒకటికి రెండుసార్లు పిండి, దులిపి, తీగ మీద ఆరేసింది. మరకున్న వైపే బయటికి కనపడేట్టు ఆరేసింది.

"ఆస్పత్రికి జావ అట్టుకెళ్ళాల. సేఠు కూడా ఒస్తానన్నాడంట. నువ్వూ రా," అంది.

"నాను… నానెందుకు?"

"ఆడికి బావవి కాబట్టి."

ఆమె లోపలికి వెళ్ళింది. జావ కాచింది, గిన్నెలో పోసి మూత బిగించింది, బుట్టలో సర్దింది. తల్లిని చెయ్యిపట్టి లేపింది. రిక్షాలో ఆడవాళ్ళిద్దరూ, వెనక సైకిలు మీద చిన్నారావు. దారి పొడుగునా అప్పలనరసమ్మ ఆ బుట్టని ఒళ్ళోంచి దింపలేదు.

*

"బావొచ్చినాడా?"

వార్డులో అడుగుల చప్పుడుకే నూకరాజు తల తిప్పాడు. కళ్ళ మీద తెల్లటి కట్టు. చెంపల మీద ఊడుతున్న చర్మం. చెయ్యి గాల్లో తడిమింది. చిన్నారావు మంచం అంచున కూర్చుని ఆ చేతిని పట్టుకోక తప్పలేదు.

"కుడికన్ను దక్కుతాదన్నాడు డాక్టరు. ఎడంది సూద్దాం అన్నాడు," అన్నాడు నూకరాజు, ఏదో మంచివార్త చెప్తున్నట్టు. "అమ్మా, నువ్వు ఏడవకే. నాకన్నీ ఇనపడతాయి."

బంగారమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

నూకరాజు బావ చేతిని దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "నిన్నొకటి అడగాల బావా. పడుకుని అదే ఆలోసిస్తన్నాను. నువ్వెంచిన సామాను దగా సెయ్యదు. కరెంటు పోగానే అది మూసుకునే ఉంతాది. మూసుకుంటే గ్యాసు ఎందుకొస్తాది? మరి నానే ఏదో గల్తీ సేసుంతాను. కునుకు తీసుంతాను. ఎంత గురుతు తెచ్చుకున్నా కునుకు తీసినట్టు లేదు. కానీ తీసే ఉంతాను. కాదా?"

కొట్టినా బాగుండును. తిట్టినా బాగుండును, అనుకున్నాడు చిన్నారావు. బావ మాట నిజమని నమ్మి, తన కళ్ళనీ తన తెలివినీ అబద్ధమనుకుంటున్నాడు వెర్రిబాగులవాడు.

"మాటాడవేటి బావా?"

"జావ తాగురా ముందు," అంది అప్పలనరసమ్మ. మంచానికి అటువైపు కూర్చుని తమ్ముడికి చెంచాతో జావ పట్టడం మొదలుపెట్టింది. చిన్నారావు మొహం మీంచి మాత్రం చూపు తియ్యలేదు.

గిన్నె ఖాళీ అయ్యే వేళకి గోవర్ధన్ సేఠు వచ్చాడు. తెల్లటి ధోవతి, చేతిలో చిన్న చెక్కపెట్టె. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే చిన్నారావుకి ఎంత హాయిగా ఉండేదో.

"ఎలా ఉన్నావు రాజూ?" అన్నాడు హిందీలో.

నూకరాజు లేవబోయాడు. "గల్తీ నాదే సేఠ్‌జీ. నిద్దరోయినాను. మాఫ్ చెయ్యండి."

వార్డు ఆ చివర రోగులు కూడా ఇటు చూశారు. సేఠు నూకరాజు భుజం మీద చెయ్యి వేశాడు.

"నా దగ్గర ఇంతమంది పనిచేశారు. తప్పు తనదేనని ఒప్పుకున్నవాణ్ణి నిన్నే చూశాను. నిన్ను తియ్యను. కన్ను బాగయి రా. నీ మిషను నీదే. అదే చోట, అదే పని. ఇంక ఎవరయినా నిన్ను నిద్రపోయినవాడంటే నాతో చెప్పు."

బంగారమ్మకి ఆ హిందీ సగమే అర్థమయింది. ఆ సగమే చాలింది. సేఠు కాళ్ళ మీద పడబోతే అతను వెనక్కి తగ్గాడు. ఆవిడ కూతురి వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లలా అడిగింది: "ఆ చల్దన్నం ఉందేటే ఇంకా? పారబోసినావా?"

"ఉందమ్మా," అంది అప్పలనరసమ్మ.

"ఇదిగో చిన్నారావ్," అంటూ సేఠు చెక్కపెట్టె మూత తీసి, మంచం పక్కనున్న ఇనప స్టూలు మీద పెట్టాడు. "తంతి కొట్టి తెప్పించాను. నువ్వెంచిన రకమే, అదే కంపెనీది. తీగచుట్ట వేరే పొట్లంలో ఉంది. రేపొచ్చి బిగించు. కన్ను బాగవగానే రాజు కూడా వచ్చేస్తాడు."

గడ్డిలోంచి తొంగిచూస్తోంది కొత్త వాల్వు. గన్‌మెటల్‌ది. కిటికీలోంచి పడ్డ ఎండకి ధగధగ మెరిసిపోతోంది.

"బంగారంలా ఉంది తల్లీ," అంటూ బంగారమ్మ దాన్ని రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది.

చిన్నారావు లెక్క చూసుకున్నాడు. అందరికీ కావలసింది అందరికీ దొరికింది. అత్త ఇంటికెళ్ళి అన్నం తింటుంది. నూకరాజు నౌకరీ నిలిచింది, పేరు కూడా నిలిచింది. సేఠు తృప్తిగా ఉన్నాడు. తను నోరు మూసుకుంటే చాలు, ఇంక ఎవరూ ఏమీ అడగరు. నోరు మూసుకుని రేపు వెళ్ళి దీన్ని బిగిస్తే చాలు. అమోనియా దీన్నీ మెల్లగా తింటుంది. మళ్ళీ ఎప్పుడో కరెంటు పోతుంది. మళ్ళీ నూకరాజు దాని దగ్గరికి పరుగెత్తుకొస్తాడు, మిగిలిన ఒక్క కంటితో.

"రేపు పొద్దున్నే రానా సేఠ్‌జీ?" అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని తలుచుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు ఒళ్ళోకి ఏదో బరువు వచ్చి పడింది.

అప్పలనరసమ్మ బుట్టలోంచి, జావ గిన్నె కింద నుంచి, ఒక గుడ్డ మూట తీసి భర్త ఒళ్ళో పెట్టింది. మూటేమిటో చిన్నారావుకి చూడకుండానే తెలిసింది. సామాన్ల పెట్టె అడుగున తను దాచిన మూటే, ముడి మాత్రం ఆమె విప్పి చూసి మళ్ళీ వేసినది. తలెత్తి భార్య మొహంలోకి చూశాడు. అందులో కోపం కూడా లేదు. ఆమె కంటినిండా నీళ్ళతో ఖాళీ గిన్నెకి మూత పెట్టుకుంటోంది.

"అదేటే?" అంది బంగారమ్మ.

నూకరాజు చేతిలో తన ఎడమచెయ్యి అలాగే ఉంచి, చిన్నారావు కుడిచేత్తో ముడి విప్పాడు. నీలం పాకుడు పట్టిన ముక్కని తీసి, స్టూలు మీద మెరుస్తున్న కొత్తదాని పక్కన పెట్టాడు. సేఠు కనుబొమలు ముడిపడ్డాయి.

చిన్నారావు జావ చెంచా అందుకున్నాడు. కొత్తదాన్ని తట్టాడు. ఖంగుమంది. పాతదాన్ని తట్టాడు. అది మూలిగింది.

"ఆ రెండోది పగిలింది కదా బావా," అన్నాడు నూకరాజు వెంటనే, చిన్నప్పుడు షెడ్డు గోడ పక్కన బావ నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు. "ఏ సామానది?"

"నాను ఎంచిందే, బావా," అన్నాడు చిన్నారావు. "అది మూసుకోలేదు. నువ్వు నిద్దరోలేదు. నాకు ముందే తెలుసు."

కట్టు కింద నూకరాజు మొహం కదల్లేదు. ఇంతసేపూ బావ చేతిని గట్టిగా పట్టుకున్న వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే వదులై, దుప్పటి మీదికి జారిపోయాయి.